చదువుకు తోడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పు" అని కార్యదర్శిగారు అడిగారు. యంత్రాల గురించీ ఉద్యోగాల గురించీ చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను కలిసి చదువుకున్నవాళ్ళ మధ్య ఉండే బంధం గురించి మాట్లాడతాను. మన సంఘం నిలబడింది ఆ బంధం మీదే కదా. దాన్ని ఏ ఆధారమూ లేనిచోట మొదటిసారి కట్టుకున్న కొందరు ఆడవాళ్ళ కథలు చెబుతాను. వాటిలోంచి మన బడికి ఒక పని దొరుకుతుంది. చివర్లో ఆ పనేమిటో కూడా చెబుతాను.

అమెరికాలో చదువుకుంటున్న మీ పిల్లల దగ్గర 'సొరోరిటీ' అన్న మాట వినే ఉంటారు. లాటిన్‌లో 'సొరోర్' అంటే అక్కో చెల్లో. సొరోరిటీ అంటే కాలేజీలో అక్కచెల్లెళ్ళ సంఘం. గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టుకుంటారు, ఒకే ఇంట్లో కలిసి ఉంటారు. ఇవాళ చూసేవాళ్ళకు అది పండగ సరదాలా కనిపించవచ్చు. మొదలైంది మాత్రం అవసరం కొద్దీ. 1872లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న పదిమంది అమ్మాయిలు 'ఆల్ఫా ఫై' అనే సంఘం పెట్టుకున్నారు. మగపిల్లలకు అప్పటికే సంఘాలున్నాయి. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు కష్టసుఖం చెప్పుకునే చోటు లేదు. ఆ చోటు వాళ్ళే ఏర్పాటు చేసుకున్నారు. 1913లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 22 మంది నల్లజాతి విద్యార్థినులు 'డెల్టా సిగ్మా తీటా' స్థాపించారు. సంఘం పెట్టిన రెండు నెలలకే, ఆ ఏడు మార్చి 3న, ఆడవాళ్ళకు ఓటుహక్కు కావాలని వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో కలిసి నడిచారు. ఒక్కొక్కరుగా అయితే ఆ వీధిలోకి వచ్చి ఉండేవారో లేదో.

మన దగ్గర గ్రీకు అక్షరాలు లేవు గానీ ఆ పని మాత్రం జరిగింది. చేసినవాళ్ళు మన తెలుగు ఆడపడుచులు.

ముందు దగ్గరి ఊరి సంగతి. 1922 అనగానే పల్నాడు వాళ్ళకు కన్నెగంటి హనుమంతు గుర్తొస్తాడు. పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగి మించాలపాడు దగ్గర తుపాకి గుళ్ళకు ప్రాణాలిచ్చాడు. ఆ పుల్లరి పోరాటంలోనే ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలు పాలయ్యారు. 'మాలపల్లి' నవల ఆయన జైల్లో రాసిందే. ఇదంతా మనం పాఠాల్లో చదివాం. అదే 1922లో గుంటూరులో శారదా నికేతనం వెలిసింది. ఆయన భార్య ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు దాన్ని తన ప్రాణంగా చూసుకున్నారు. బాలవితంతువులు, ఇల్లు గడవనివాళ్ళు, చదువు మీద మనసుండి దారి దొరకనివాళ్ళు అక్కడికి చేరేవారు. చదువుతో పాటు చేతిపనులూ నేర్చుకునేవారు. పుల్లరి కథను మనం బుర్రకథల్లో విన్నాం, సభల్లో చెప్పుకున్నాం. శారదా నికేతనం కథను అంతగా చెప్పుకోలేదు. రెండూ ఒకే కాలానివి, రెండింటి వెనుకా ఉన్నది ఒకే పట్టుదల.

రెండో కథ వాల్తేరుది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మీ అందరికీ తెలుసు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకు వద్దని చెప్పగలిగిన మనిషి. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూగారినే ఆపిన పిల్ల ఈమే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. అక్కడ చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడేవాళ్ళు లేక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ళను చూశారు. బయటికొచ్చాక న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నారు. కానీ అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషన్ కూడా లేదు. తోటి పిల్లలు ఎప్పుడో దాటిపోయిన తరగతుల పుస్తకాలు ముందేసుకుని, బెనారస్ విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి మెట్రిక్యులేషన్, ఇంటర్మీడియట్ పూర్తి చేశారు.

ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదవాలని దరఖాస్తు పెట్టారు. అప్పుడు వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. గొప్ప పండితుడు, ఆడపిల్లల చదువుకు వ్యతిరేకి కాదు. అయినా సీటు ఇవ్వలేమన్నారు. కారణం తెలివి తక్కువని కాదు, మార్కులు చాలవని కాదు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, అంతే!

ఈ జవాబును ఒక్కసారి ఆలోచించండి. హాస్టల్ లేదు కాబట్టి ఆడపిల్లలను చేర్చుకోరు. ఆడపిల్లలు లేరు కాబట్టి హాస్టల్ కట్టరు. అందులో ఎవరి తప్పూ కనిపించదు. ఎవరి తప్పూ కానప్పుడు సరిదిద్దడానికి ముందుకొచ్చేవాళ్ళూ ఉండరు. మన ఊళ్ళలో ఇప్పటికీ ఎన్నో పనులు ఇలాగే ఆగిపోయి ఉంటాయి.

దుర్గాబాయిగారు కాళ్ళావేళ్ళా పడలేదు, తగాదాకూ దిగలేదు. పత్రికలో ప్రకటన ఇచ్చారు. హాస్టల్ లేకపోవడం వల్ల ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరలేకపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు తెలియజేయండి అని. జవాబులొచ్చాయి. తనలాంటివాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళు, 'నేనొక్కదాన్నే' అనుకుంటూ కూర్చున్నారు. ఆ అమ్మాయిలంతా కూడి, తగిన ఇల్లు చూసుకుని, తామే హాస్టల్ మొదలుపెట్టారు. ఇక విశ్వవిద్యాలయానికి కాదనడానికి కారణం మిగల్లేదు. సీటు దొరికింది.

సిరక్యూస్‌లో పదిమంది చేసిన పనికి ఇది ఏమాత్రం తీసిపోదు. నా మటుకు నాకు దీని బరువే ఎక్కువ. వాళ్ళు సంఘం పెట్టేనాటికి కాలేజీ లోపల ఉన్నారు. వీళ్ళు లోపలికి రావడానికే సంఘం కట్టారు.

దుర్గాబాయిగారు అక్కడ చదువు ముగించి, మద్రాసు వెళ్ళి 1942లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. రాజ్యాంగ సభలో కూర్చుని రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్నారు. తాను గట్టెక్కాను కదా అని ఆ పని అక్కడితో వదల్లేదు. మద్రాసులో తన ఇంట్లోనే ఇరుగుపొరుగు ఆడపిల్లలనూ ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి, తాను రాసిన ఆ బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకే చదువు చెప్పారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ అలా ఒక ఇంట్లోంచి పెరిగిందే. 1958లో ఆడపిల్లల చదువు మీద భారత ప్రభుత్వం జాతీయ కమిటీ వేసినప్పుడు దానికి అధ్యక్షురాలు ఆవిడే. హాస్టల్ లేదని గుమ్మంలో ఆగిపోయిన మనిషి, దేశంలోని ఆడపిల్లలందరి చదువు గురించి ప్రభుత్వానికి సలహా చెప్పే చోటికి చేరారు.

మూడో కథ నా వృత్తికి సంబంధించింది కాబట్టి కొంచెం ఎక్కువ సేపు చెబుతాను. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. నాన్నగారు పప్పు సుబ్బారావుగారు, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. చదువుకున్న ఇల్లే. అయినా పదిహేనేళ్ళకు పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయారు. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ రోజుల్లో అలాంటి అమ్మాయికి లోకం ఏ బతుకు రాసిపెట్టేదో మన ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగితే తెలుస్తుంది.

లలితగారు పుట్టింటికి వచ్చి మళ్ళీ పుస్తకం పట్టుకున్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో పాసయ్యారు. డాక్టరు చదువుకు ఆడపిల్లలు అప్పటికే వెళుతున్నారు. కానీ వైద్యవృత్తిలో అర్ధరాత్రి పిలుపొస్తే పసిపిల్లను వదిలి వెళ్ళాలి. వేళకు వెళ్ళి వేళకు ఇల్లు చేరే ఉద్యోగం కావాలి అనుకుని ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. గిండీలో అంతకుముందు ఆడపిల్ల చేరింది లేదు. నాన్నగారు ప్రిన్సిపాల్ చాకోగారితో మాట్లాడారు, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్ దొరగారి అనుమతి తెచ్చారు. 1940లో లలితగారు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు.

సీటు దొరికింది. క్లాసులో అబ్బాయిలు మర్యాదగానే ఉన్నారు. పాఠాలు కష్టం కాలేదు. మరి ఇబ్బంది ఎక్కడ వచ్చింది? సాయంత్రం వచ్చింది. ఆమె కోసం విడిగా హాస్టల్ ఏర్పాటు చేశారు. అందులో ఆమె ఒక్కతే. పాపేమో దగ్గర్లోనే అన్నగారింట్లో పెరుగుతోంది, వారాంతాల్లో వెళ్ళి చూసి రావాలి. మిగతా రోజుల్లో తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు, లెక్క రాకపోతే కలిసి చేసేవాళ్ళు లేరు.

అప్పుడు తండ్రి సుబ్బారావుగారు చేసిన పని చూడండి. కూతుర్ని ధైర్యంగా ఉండమని చెప్పి ఊరుకోలేదు, చదువు మానిపించి ఇంటికి తీసుకుపోలేదు. కాలేజీవాళ్ళను ఒప్పించి, ఆడపిల్లలకూ ప్రవేశం ఉందని ప్రకటన వేయించారు. కేరళ ప్రాంతం నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా. ఇద్దరూ సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఒకరి భాష తెలుగు, ఇద్దరిది మలయాళం. ఒకరు బిడ్డతల్లి, ఇద్దరు పెళ్ళికానివాళ్ళు. మతాలు వేరు, కోర్సులు వేరు. హాస్టల్ ఒకటి. యుద్ధకాలం కావడంతో కోర్సు కొన్ని నెలలు కుదించారు. లలితగారి కన్నా వెనక చేరిన ఆ ఇద్దరూ ఆమెతో పాటే బయటికి వచ్చారు. పట్టా కాగితాల మీద 'హి' అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి 'షి' అని చేత్తో రాసిచ్చారట. ఆడపిల్ల కూడా ఈ కాగితం అందుకుంటుందని అచ్చువేసినవాళ్ళు అనుకోలేదు మరి.

ఆ ముగ్గురూ తర్వాత ఏమయ్యారు? త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు. మన దేశంలో ఆ పదవికి చేరిన మొదటి మహిళ ఆవిడే. లీలమ్మగారు తిరువాన్కూరు ప్రభుత్వంలో ఇంజనీరుగా పనిచేశారు. లలితగారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పూర్తి చేసి, సిమ్లాలో ప్రభుత్వ సంస్థలో కొంతకాలం ఉండి, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కరెంటు లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ల లేఅవుటు, రక్షణ పరికరాలు ఆవిడ పని. భాక్రానంగల్ ప్రాజెక్టు నుంచి కరెంటు మోసుకెళ్ళే లైన్ల డిజైనులో ఆవిడ చెయ్యి ఉంది. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్ళతో పంట పండించుకున్న మనకు, పెద్ద ప్రాజెక్టు అంటే ఏమిటో, దాని వెనక పేరు వినపడని ఇంజనీర్లు ఎందరుంటారో చెప్పక్కర్లేదు.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. లలితగారు చీరకట్టుతో అక్కడికి వెళ్ళారు. మరుసటి ఏడు లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యురాలయ్యారు. ఆ సంఘం పుట్టిందీ 1919లోనే, లలితగారు పుట్టిన ఏడే. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సదస్సుకు మన దేశం నుంచి మహిళా ఇంజనీర్లు వెళ్ళడానికి ఆవిడ సాయపడ్డారు. ఒకప్పుడు ఖాళీ హాస్టల్లో ఒంటరిగా కూర్చున్న అమ్మాయి, తర్వాతివాళ్ళు ఒంటరిగా వెళ్ళకుండా చూసుకున్నారు. 1979లో అరవై ఏళ్ళకే కన్నుమూశారు.

ఒక కరెంటు ఇంజనీరుగా నాకు ఈ కథలు ఎలా అర్థమయ్యాయో చెబుతాను. ఊరికి ఒకే లైను మీద కరెంటు వస్తుంటే, ఎక్కడో ఒక చెట్టు కొమ్మ పడినా ఊరంతా చీకటే. అదే రెండో వైపు నుంచి కూడా లైను కలిపితే, ఒకటి తెగినా రెండోది నిలబెడుతుంది. రెండు లైన్లలోనూ తీగ అదే, స్తంభాలూ అవే. కలిపిన తీరులోనే ఉంది బలమంతా. ఒంటరిగా కాలేజీకి వెళ్ళిన పిల్ల ఒంటి లైను మీదున్న ఊరు లాంటిది. జ్వరం వస్తే, ఒక పరీక్ష తప్పితే, ఇంటి నుంచి ఒక సంబంధం కబురొస్తే అక్కడితో చదువు తెగిపోతుంది. పక్కన ఇంకో ఇద్దరుంటే తెగదు. ఆ పిల్ల తెలివి అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇప్పుడు మన బడి దగ్గరికి వద్దాం. ఇదంతా పాత కాలం ముచ్చట అనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ వయసు ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. నూటికి ఇరవై తొమ్మిది మంది! దేశం మొత్తం మీద ఆ లెక్క 23.3. అంటే మనం సగటు కన్నా వెనకున్నాం. లలితగారి పెళ్ళి నాటి సంగతి కాదిది, మన మనవరాళ్ళ ఈడు పిల్లల సంగతి.

పల్నాడులో దీని కారణాలు మీకు నేను చెప్పాలా? మిరప కోతలూ పబ్లిక్ పరీక్షలూ ఒకే కాలంలో వస్తాయి. తల్లీ తండ్రీ తెల్లారకముందే చేలోకి పోతే ఎదిగిన పిల్లను ఇంట్లో ఒంటరిగా ఉంచడానికి భయం. బడి ఊళ్ళో ఉన్నంత కాలం పంపుతారు. పదో తరగతి అయ్యాక కాలేజీ నరసరావుపేటలోనో మాచర్లలోనో గుంటూరులోనో ఉంటుంది. "ఒక్కతే ఎట్లా పోతది?" అన్న ప్రశ్న దగ్గర ఇంట్లో మాట ఆగిపోతుంది. ఆ తండ్రికి చదువంటే పగ లేదు. కట్టమంచివారికీ లేదు. అక్కడా ఇక్కడా అడ్డం ఒకటే, తోడు లేకపోవడం.

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు తయారు చేసేటప్పుడు ఒక సంగతి తేలింది. మగవాళ్ళం వారంలోపే దాదాపు అందరం దొరికాం. ఆడపిల్లల్లో సగం మంది దొరకలేదు. ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఫోను ఇంకెవరి పేరు మీదో ఉంది. మాకన్నా ముందు చేయెత్తి లెక్కలు చెప్పిన పిల్లలు వాళ్ళు. ఈ స్వర్ణోత్సవ సంచిక చివర సభ్యుల జాబితా ఉంటుంది. ఇంటికెళ్ళాక అందులో ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

అందుకని సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. భవనాలు కట్టేవి కావు, పెద్ద చందాలు అడిగేవీ కావు.

మొదటిది, ఆ దొరకని అక్కచెల్లెళ్ళను వెతకడం. ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరు బాధ్యత తీసుకుంటే ఏడాదిలో జాబితా నిండుతుంది. ఉద్యోగం చేసినవాళ్ళే కావాలని లేదు. పదో తరగతితో చదువు ఆగిన అక్క, ఈనాటి పిల్ల తల్లితో మాట్లాడితే ఆ మాటకుండే బరువు నా మాటకు ఉండదు.

రెండోది, ఏటా పది పాసైన ఆడపిల్లలను ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురుగా కలిపి ఒకే కాలేజీకి, వీలైతే ఒకే హాస్టల్ గదికి పంపడం. ఏ కాలేజీ గొప్పదన్నది తర్వాత చూద్దాం. ఎవరితో కలిసి వెళుతుందన్నది ముందు చూద్దాం. దుర్గాబాయిగారు పత్రికలో ప్రకటన వేయాల్సి వచ్చింది. మనకు హెడ్మాస్టరుగారి దగ్గరున్న జాబితా చాలు.

మూడోది, గుంటూరు, విజయవాడ, విశాఖ, హైదరాబాదుల్లో ఉన్న మన పూర్వ విద్యార్థినులు ఒక్కొక్కరు ఒక జట్టుకు అక్కగా ఉండటం. చేరే రోజున స్టేషనుకు వెళ్ళడం, నెలకోసారి ఇంటికి పిలిచి అన్నం పెట్టడం, ఒంట్లో బాగా లేదంటే ఆసుపత్రికి తీసుకెళ్ళడం. ఫీజులకు ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. కానీ హాస్టల్లో చేరే రోజున పరుపు, బకెట్టు, పళ్ళెం, తాళంకప్ప ఏ పథకంలోనూ రావు. వాటికి కావలసిన డబ్బు మన సంఘం దగ్గర ఉంది. మిగతాదానికి మనుషులు కావాలి.

తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా ఇందులో ఏదీ చేయొద్దు. ఇంటికి వెళ్ళి, కూర్చుని, వాళ్ళ భయం ఏమిటో పూర్తిగా విని, ఆ తర్వాతే మన మాట చెప్పాలి. మనకు తెలిసిన మాస్టారో టీచరమ్మో వెంట ఉంటే ఇంకా మంచిది. ఈ ప్రాంతంలో మాస్టారు గడపలోకి వస్తే మంచం వాల్చి కూర్చోబెట్టని ఇల్లు లేదు.

బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. వేర్వేరు కులాలవాళ్ళను ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. గిండీ హాస్టల్లో ముగ్గురు, వాల్తేరులో అద్దె ఇంట్లో కొందరు, గుంటూరు శారదా నికేతనంలో ఇంకొందరు చేసింది కూడా చాపకూడే. వాళ్ళు పంచుకున్నది చదువు. మన పల్నాటి పిల్లలకు అలాంటి చాప ఒకటి పరవమని ఈ సభను అడుగుతున్నాను.

ఈ పనిలో చేరదలచినవాళ్ళు సభ అయ్యాక కార్యదర్శిగారి దగ్గరున్న పుస్తకంలో పేరు, ఉంటున్న ఊరు, ఫోను నంబరు రాయండి. అక్కలు ముందు రాస్తే సంతోషం. ఈ ఏటి పది ఫలితాలు వచ్చేలోగా మొదటి జాబితా హెడ్మాస్టరుగారి చేతిలో పెడదాం.